చేదుగడ్డకు పదకొండు సైటేషన్లు

జులై 1, 2008. మంగళవారం
ఉదయం 6.10. ఒట్టు పెట్టుకున్నాను. ఈ నెల 26న కాలేజీలో రీడర్ పోస్టుకు ఇంటర్వ్యూ. అప్పటిదాకా నా సైటేషన్ల లెక్క చూడను. జూన్‌లో నలభై ఒక్కసార్లు చూశానట. మా ఆవిడ ఉషారాణి లెక్కపెట్టింది. ఆమె లెక్కల టీచరు, లెక్క తప్పదు.

6.25. నియమాలు. నెట్ సెంటర్ వైపు పోను. రోజూ మూడు గంటలు ల్యాబ్. నా పేపర్లో నన్ను నేనే ప్రస్తావించుకోను (ఇప్పటికే మూడుసార్లు చేశాను, చాలు).

6.40. కొత్త జన్మ ఎత్తినట్టుంది!

జులై 2
"సైటేషన్ అంటే ఏంది అసలు?" అంది ఉష. మన పేపరు గురించి ఇంకొకరు తమ పేపర్లో పేరుపెట్టి రాయడం అన్నాను. బయోకెమిస్ట్రీలో పదేళ్లు, ఏడు పేపర్లు. ఆరింటిని ఎవరూ ముట్టలేదు. అడవిలో దొరికే చేదుగడ్డ మీద రాసిన ఒక్క పేపరుకు మాత్రం ఏడు సైటేషన్లు. పది ఉంటేనే నా ఫైలు ముట్టుకుంటానని ప్రిన్సిపాల్ అన్నాడు.
ల్యాబ్: మూడు గంటలు. శభాష్, భాస్కర్.

జులై 4
కరివేపాకు కోసం మార్కెట్‌కు పోయాను. నెట్ సెంటర్ అక్కడే ఉంటే నేనేం చేసేది? లోపలికి పోలేదు. బోర్డు చదివితే సైటేషన్లు చూసినట్టు కాదు.
సెంటర్ నడిపే రమణ అడిగాడు. "ఏం సార్, కనిపిస్తలేరు. పానం బాగలేదా?"
కరివేపాకు మరిచిపోయి వచ్చాను.

జులై 7
వాన. ల్యాబ్‌లో కరెంటు లేదు. నెట్ సెంటర్‌లో జనరేటర్ ఉంది. ఈమెయిల్ చూడటానికి మాత్రమే పోయాను. చెయ్యి జారింది.
తొమ్మిది!

జులై 8
10.30. తొమ్మిది.
12.15. తొమ్మిది. రమణ నాకోసం మూలన కుర్చీ ఉంచాడు.
4.40. పది. ప్రిన్సిపాల్‌కు ఫోన్.
ల్యాబ్: రేపు.

జులై 12
పదకొండు. స్టాఫ్ రూంలో మైసూర్‌పాక్ పంచాను. నోటీసు బోర్డు మీద కూడా పెట్టించాను.
"ఏం రాసిన్రట నీ గురించి?" అంది ఉష.
అంకె చూస్తారు గానీ రాసింది ఎవరు చదువుతారు అన్నాను.
"పెండ్లిల నీ పేరు పదకొండుసార్లు తీసిన్రంటే పొగిడిన్రనా, తిట్టిన్రనా?"
లెక్కల టీచర్లకు ఆనందం గిట్టదు.

జులై 13. ఆదివారం
అన్నీ ప్రింటు తీయించి చదివాను. పదకొండులో మూడు నావే. మిగతా ఎనిమిది:
"భాస్కర్ చెప్పిన ఫలితం మాకు రాలేదు."
"భాస్కర్ చెప్పినదానికి పూర్తిగా విరుద్ధంగా..."
"ప్రయోగం ఎలా చేయకూడదో తెలియాలంటే భాస్కర్ పేపరు చూడండి."
ఎనిమిదికి ఎనిమిదీ ఇంతే. నేను రాసింది ఒక్కటే ముక్క: అడవి గూడేల్లో చేదుగడ్డను కడిగే పద్ధతితో విషం పోదు, తినడం ప్రమాదం అని. పోతుందని వీళ్లందరూ అంటున్నారు.
మైసూర్‌పాక్ ఇంకా మిగిలింది. తినబుద్ధి కాలేదు.

జులై 15
భద్రాచలం బస్సెక్కి, అడవి మలుపు దగ్గర దిగి, జంపక్క గూడేనికి నడిచాను. నాలుగేళ్ల కింద నాకు ఆ గడ్డలు తవ్వి ఇచ్చింది ఆమే. ఇప్పుడు గడ్డ ముక్కలు ఉడకబెట్టి బుట్టలో పోసి వాగులో దించుతోంది.
"రెండు రాత్రులు గిట్ల ఉండాలె సారు. అప్పుడు గూడ జెప్పిన. నువ్వెట్ల జేసినవ్?"
"బకెట్లో నానబెట్టిన జంపక్కా. రెండు రాత్రులే."
ఆమె నా మొహం చూసింది. "బకెట్ల విషం యాడికి పోతది సారు? అండ్లనే ఉంటది. నీళ్లు పారాలె గద."
ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ. సిగ్గుతో చచ్చిపోయాను.
తర్వాత ఇంకో మాట చెప్పింది. "మూడేండ్లాయె, సర్కారు మేడమోళ్లు వచ్చి గంపలు ఒంపేసి పోతున్రు. కాలేజీ సారెవరో విషమని రాసిండట. వానకాలం ఇంట్ల గింజలుండయి. మా గడ్డలు మేమే దొంగల లెక్క తింటున్నం."
ఆ సారు నేనేనని చెప్పలేకపోయాను.

జులై 20
తప్పు ఒప్పుకుంటూ, నా పేపరు అచ్చేసిన పత్రికకు ఉత్తరం రాశాను. ప్రిన్సిపాల్‌కు చూపించాను.
"తిట్టినా పొగిడినా సైటేషనే గదయ్యా. కమిటీ లెక్క చూస్తది. ఇప్పుడిది పంపితే పోస్టు పాయె."
26 తర్వాత పంపుతాను. ఆరు రోజుల్లో ఏం మునిగిపోతుంది?

జులై 26
"మీ పేపరు ఇంతమందిని ఆకర్షించడానికి కారణం?" అని అడిగారు.
"అది లోతైన చర్చ రేపింది సార్."
అబద్ధం కాదు. పోస్టు వచ్చింది.

జులై 30
జంపక్క బస్సులో వచ్చింది. విస్తరాకు పొట్లంలో గడ్డ ముక్కలు.
"పెద్ద సారువైనవట. వాగుల పెట్టినయే, బయపడకుండ తిను. తినొచ్చని రాయి మరి."
"ముందు రాసింది గూడ నేనే జంపక్కా" అన్నాను.
పొట్లం విప్పి నా ముందుకు జరిపింది. "ఎరుకే" అంది. "బకెటన్నప్పుడే ఎరుకైంది."
ముగ్గురం కూర్చుని తిన్నాం. ఉషకు నచ్చింది.

ఆగస్టు 1
10.40. ఉత్తరం పంపడానికి నెట్ సెంటర్. కింద రెండు పేర్లు పెట్టాను, జంపక్కది ముందు.
10.44. పంపే ముందు ఒక్కసారి చూశాను. పన్నెండు!
10.50. ఈసారి చదివాను. "భాస్కర్ అద్భుతంగా నిరూపించినట్లు ఈ గడ్డ తినదగినది కాదు. గూడేలన్నిటా దీన్ని ఆపించాలి." పదేళ్లలో నన్ను మెచ్చుకున్న మొదటి మనిషి. మూడుసార్లు చదువుకున్నాను. చాలా బాగా రాశాడు.
11.05. ఉత్తరం పంపేశాను. ఆయనకూ ఒక కాపీ.
11.06. ఒట్టు. ఇక నుంచి సైటేషన్ల లెక్క చూడను. రమణకు చెప్పాను, ఆ మూల కుర్చీ ఇంకెవరికైనా ఇచ్చుకోమని.
"ఉండనీ సార్" అన్నాడు. "మల్ల ఒస్తరు గద."