హెరాత్ పిల్లకు మా ఇంట్లో భోజనం

నర్సీపట్నం, ఆదివారం.

పెదనాన్న ముఖం ఇక చూడను. విశాఖలో నాతో పీజీ చదివే ఫరీదాను భోజనానికి తీసుకొచ్చాను. వాళ్లది అఫ్గానిస్తాన్‌లోని హెరాత్. వాళ్ల అమ్మమ్మ ఊళ్లోని కుంకుమపువ్వు పొలాల గురించీ, తాలిబన్లు బడి మాన్పించిన తన చెల్లెళ్ల గురించీ వచ్చీరాని తెలుగులో చెప్పింది.

"మంచి పనే సేసారు. ఆడపిల్లకి సదువెందుకు? మన సిన్నదాన్నీ కాలేజీ మానిపించీరా," అన్నాడు పెదనాన్న, నాన్నతో. నాన్న తలూపాడు. మా చెల్లి ముఖం పాలిపోయింది. ఫరీదా ముద్ద కంచంలో వదిలేసింది.

అమ్మ వచ్చి పెదనాన్న ముందున్న కంచం లాగేసింది.

"లెగండి బావగారూ. సిన్నది సదువుతాది. ఈ పిల్ల తినాలి."

ఆయన వెళ్లిపోయాడు. నాన్న అమ్మతో మాట్లాడటం లేదు. మానెయ్యనీ. రేపు చెల్లిని కాలేజీలో నేనే దిగబెడతాను. ఎవరు అడ్డొస్తారో చూస్తాను.