మరక లేని దరఖాస్తు

యాదగిరికి,

విషయం: గుండె ఆపరేషన్ నిమిత్తం నీవు పెట్టుకున్న దరఖాస్తు.

పై దరఖాస్తును మన ఎం.డి. గారు నేడు మంజూరు చేశారని తెలియజేయుటకు సంతోషించవలసి ఉన్నది. నీవు పోయి నేటికి ఏడాది.

ఆలస్యానికి కారణాలు సమంజసమైనవే. వైద్యం ఖర్చు విపరీతంగా పెరిగినందున, కార్మికులను పెద్దాసుపత్రికి పంపే ప్రతి కాగితంపైనా ఎం.డి. గారే సంతకం చేయాలని నియమం. వారు అప్పుడు కంపెనీ ఖర్చుతో గుండె పరీక్షలకు లండన్ వెళ్లి ఉన్నారు. ఏ లోపమూ కనబడలేదు. ఈ ఏడాది పొదుపు ఫలించినందుకు బోర్డు ఎం.డి. గారి జీతం రెట్టింపు చేసింది. ఆ ఉత్సాహంలో పాత ఫైళ్లన్నీ ఒక్క పూటలో తేల్చారు.

వారి జీతానికీ ఆరోగ్యానికీ అభినందనలు తెలిపే నోటీసును నాచారంలోని మన ఫ్యాక్టరీ గేటు దగ్గర అంటించాను. నీ లేత్ మిషన్ మీద ఇప్పుడు పనిచేస్తున్న మల్లేశ్ చదివాడు.

"పెద్దసారు గుండె మస్తుగున్నదంట. ఇగ మనకేం ఫికర్, సారూ!"



నా పాత్ర కూడా నమోదు కావాలి. నీ మొదటి దరఖాస్తును నూనె మరక ఉన్నదని తిప్పి పంపిన గుమాస్తాను నేనే. "ఏంది సారూ, మిషన్ మీద పనిజేసెటోని చేతికి అత్తరుంటదా?" అని నవ్వి, ఉప్పల్‌లో ఇంటికి పోయి, చేతులు సబ్బుతో రుద్ది కడుక్కుని, మర్నాడు కొత్తది రాసి తెచ్చావు. ఆ ఉదయమే ఎం.డి. గారు విమానం ఎక్కారు. వారు తిరిగి వచ్చేలోగా నీవు వెళ్లిపోయావు.

మంజూరైనది ఆ రెండో కాగితమే. నా బల్ల మీదే ఉన్నది. ఎంత వెతికినా ఒక్క మరక కూడా లేదు.