పంచుకలో బొగ్గుల విందు

ప్రాజెక్టు గెస్టుహౌసు,
మంగళవారం మధ్యాహ్నం, 26-11-74.

సౌభాగ్యవతి రాజులమ్మకు నీ పెనిమిటి ఆశీర్వదించి రాస్తున్నది. ఇక్కడ నేను క్షేమం. అక్కడ నువ్వు, గౌరి, అత్తయ్య, మామయ్య, ఈనడానికి సిద్ధంగా ఉన్న ఆవుతో సహా అందరూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం అంది ఆరు రోజులైంది. జవాబు రాలేదని ఈపాటికి పళ్ళు నూరుతూ ఉంటావు. నూరు, తప్పు నాదే. రోజూ కాగితం తీస్తాను, తీసేసరికి ఎవరో ఒకరు "ఢిల్లీ!" అని నన్ను కేకేస్తారు. రేపు సాయంత్రమే విందు. వారం రోజులుగా కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను. ఇప్పుడు కూడా వంటింటి అరుగు మీద కూర్చుని ఒక కన్ను కాగితం మీద, ఒక కన్ను పాల గిన్నె మీద పెట్టి రాస్తున్నాను.

నువ్వు అడిగినవాటికి వరసగా చెప్తాను. దగ్గు తగ్గింది. ఉసిరి పచ్చడి అయిపోయింది, సగం నేను తిన్నాను, సగం స్టోరు గుమాస్తా "కొంచెం రుచి చూస్తాను" అంటూ తినేశాడు. గౌరికి ఉన్ని స్వెట్టరు కొన్నాను, ఆకుపచ్చది. "క్వార్టరు ఖాయమేనా, ఆదివారం గుణుపూర్‌లో బస్సెక్కేయనా" అని అడిగావు. దానికి జవాబు రేపటి విందు చెప్పాలి. మీ సన్యాసయ్య అన్నయ్య ఎలా ఉన్నాడని కూడా అడిగావు. అది వేరుగా రాస్తాను, మరిచిపోలేదు.

అసలు సంగతి మొదటినుంచి చెప్తాను. పవర్ హౌసులో యంత్రాలు బిగించడానికి వచ్చిన జర్మనీ దొరలు ఆరుగురూ పని ముగించి వెళ్ళిపోతున్నారు. గురువారం పొద్దున్నే జీపుల్లో విశాఖపట్నం ప్రయాణం. ఈ లోపల వాళ్ళకి వీడ్కోలు విందు ఇవ్వాలని పెద్దసారు అన్నారు. ఏం కావాలని అడిగితే వాళ్ళలో పెద్దాయన, ఆ ఎర్రగడ్డం క్లౌస్ దొర, "బార్బెక్యూ" అన్నాడట. మా పరిపాలనాధికారి నాయర్ గారు, అదే ఆ మలయాళీ ఆయన, నన్ను పిలిచి "ఢిల్లీ, బార్బెక్యూ తెలుసా?" అన్నారు. తెలీదని చెప్పడం నా ఒంట్లో లేదని నీకు తెలుసు. "ఎందుకు తెలీదు సార్" అన్నాను. అని, బయటికొచ్చి క్లౌస్ దొర గదికి పరిగెత్తాను. ఆయన కాగితం మీద బొమ్మ గీసి చూపించాడు. తీరా చూస్తే ఏముంది, ఆరుబయట బొగ్గులు రగిలించి, ఇనప పుల్లలకి మాంసం గుచ్చి కాల్చుకు తినడం. లక్ష్మీపూర్ సంతలో కొండవాళ్ళు కోడిని కాల్చుకుంటారు చూడు, అదే. దానికి ఇంత పేరు!

తేలికే అనుకున్నాను గానీ నూట ఎనభై మందికి తేలికేం కాదు. వర్క్‌షాపు వాళ్ళ గడ్డం పట్టుకుని బతిమాలి రెండు నూనె డ్రమ్ములు నిలువుగా కోయించాను. వాసన పోయేదాకా వాటిలో రెండు రోజులు కట్టెలు తగలబెట్టాను. సన్న ఊచలు కోయించి, ఆకురాయితో కొసలు సానబెట్టించాను. బొగ్గు చింతకట్టెది కావాలి, మామిడిది అయితే గంటకే బూడిద. క్లౌస్ దొర మాంసానికి ఉప్పు, మిరియాల పొడి తప్ప ఇంకేం వద్దన్నాడు. అది మాంసమా, పథ్యమా? సగం ఆయన చెప్పినట్టు, సగం నా చేత్తో పెరుగు, పచ్చి బొప్పాయి ముద్ద, అల్లం వెల్లుల్లి, ఎండుమిరప పట్టించి నానబెడతాను. దొరలు కూడా ఏ గిన్నె వైపు వెళ్తారో చూద్దాం.

ఈ హడావుడి అంతా దేనికో నీకు వేరే చెప్పాలా? నాయర్ గారు ఆ మొదటి రోజే మాట ఇచ్చారు. "ఇది బాగా జరిగితే గెస్టుహౌసు కుక్ పోస్టుకి నీ పేరే పంపుతాను. పర్మనెంటు. క్వార్టరు కూడా దానితోనే వస్తుంది." సిమెంటు కప్పు, రాజులూ! మొన్న శ్రావణంలో ఈ రేకుల గదిలో గౌరి పక్క మీద వాన కారి, దానికి నెమ్ము చేసి, నువ్వు దాన్ని భుజాన వేసుకుని ఆసుపత్రి గేటు దగ్గర నిలబడిన రోజు నాకు పోవడం లేదు. "క్వార్టరు తాళం సేతిలో పడితేనే నాను మల్లీ ఈ గుమ్మం తొక్కుతాను" అని బస్సెక్కావు.

సరే. విందు ఏ రోజు పెట్టాలో నాయర్ గారు నన్నే అడిగారు. "పండగ ఏమీ లేదు కదా? అందరూ మాంసం తినే రోజేనా?" అన్నారు. నేను గోడ మీది తెలుగు క్యాలెండరు చూశాను. కార్తీకం కదా, సోమవారం వద్దు. శనివారం వద్దు. పున్నమి శుక్రవారం పడింది, అదీ వద్దు. బుధవారానికి ఏ అడ్డూ లేదు. "బుధవారం భేషుగ్గా ఉంది సార్" అన్నాను, పంచాంగం నేనే రాసినట్టు.

మొన్న శనివారం పిడుగు పడింది. విందుకి వచ్చేవాళ్ళు సంతకం పెట్టాలని ఆఫీసులో కాగితం తిప్పారు. ఒడియా స్టాఫు నూట పది మంది. సాయంత్రానికి కాగితం తిరిగొచ్చేసరికి వాళ్ళ పేర్ల ఎదురుగా అడ్డగీతలు! పెద్ద గుమాస్తా పాణిగ్రాహి గారు నాయర్ గారి గదిలోకెళ్ళి, "పంచుకలో మమ్మల్ని మాంసానికి పిలుస్తారా? ఇది అవమానం" అన్నారు. కార్తీక పున్నమితో ముగిసే అయిదు రోజులు వీళ్ళకి పంచుక. ఏడాదంతా చేపలు తినేవాళ్ళు కూడా ఆ అయిదు రోజులూ నీచు ముట్టరు, ఉల్లిపాయ కూడా తాకరు. మన క్యాలెండరులో అది ఉండదు. తేదీ మార్చుదామంటే దొరలు ఆగరు. పెద్దసారు కూడా వస్తున్నారు. నాయర్ గారు నన్ను పిలిచి నిలదీశారు. ఏదో చెప్పి బయటపడ్డాను, ఆ సంగతి వదిలెయ్.

ఎలాగైతేనేం, ఉపాయం దొరికింది. రెండు పొయ్యిలు, రెండు వంటలు. ఒడియా వాళ్ళకి కొత్త ఊచలు, కొత్త జల్లెడలు, మాంసం తగలని చేతులు. కంద, చిలగడదుంప, వంకాయ, అరటికాయ బొగ్గుల మీద కాల్చి పెట్టాలి. పాలు విరగ్గొట్టి, బెల్లం కలిపి, ఆకుల్లో చుట్టి నిప్పుల్లో పెడితే ఎర్రగా కాలే ఆ ఛెనాపోడో కూడా చెయ్యాలి. పాణిగ్రాహి గారు నిన్న మైదానానికి వచ్చి రెండు పొయ్యిల మధ్య దూరం అడుగులేసి కొలిచారు. డెబ్భై రెండు. "చూద్దాం" అని వెళ్ళిపోయారు. ఆ మాట విన్నప్పటినుంచి నాకు అన్నం సయించడం లేదు.

పాలు పొంగుతున్నాయి. మళ్ళీ రాస్తాను.

గురువారం, పొద్దున్న.

విందు జరిగింది. బాగా జరిగింది! నూట పది మందిలో తొంభై ఎనిమిది మంది వచ్చారు. అంతా గాలి చేసిన ఉపకారం. సాయంత్రం అయ్యేసరికి ఇక్కడ గాలి కొండ మీంచి కిందికి దిగుతుంది. శాకాహారం పొయ్యి కొండ వైపు, మాంసం పొయ్యి లోయ వైపు పెట్టించాను. మాంసం పొగ ఒక్క పాయ కూడా ఎగువకి రాలేదు. పాణిగ్రాహి గారు కుర్చీలో కూర్చుని ముక్కు ఎగబీల్చారు. ఏ వాసనా లేదు. కాల్చిన కంద ముక్క నోట్లో పెట్టుకున్నారు, ఇంకోటి తీసుకున్నారు, ఛెనాపోడో మూడుసార్లు అడిగారు. "మా అమ్మ చేసినట్టుంది" అన్నారు, ఒడియాలో. క్లౌస్ దొర నా ఎర్ర మాంసం తిని, చెమటలు కక్కుతూ, మళ్ళీ పళ్ళెం పట్టుకొచ్చాడు. ఉప్పు మిరియాలది మిగిలిపోయింది. చెప్పానా!

పెద్దసారు అందరి ముందూ నా భుజం తట్టారు. నాయర్ గారు, "రెండు పొయ్యిలు, గాలివాటం, అబ్బా ఢిల్లీ, ఇంజినీరువి కావాల్సినవాడివి. రేపు పదింటికి ఆఫీసుకి రా, కాగితాలు సిద్ధం చేయిస్తా, సంతకం పెడుదువుగాని" అన్నారు. బి లైనులో ఏడో నంబరట. పెరడు కూడా ఉందట.

ఇది చదివి నువ్వు నవ్వుతూ ఉంటావు. ఆగు. నవ్వొద్దు, రాజులూ.

నువ్వు ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే మనిషివి. మీ అన్నయ్య గురించి రాయకుండా ఇంత దూరం వచ్చానంటే నీకు ఈపాటికే అనుమానం వచ్చి ఉంటుంది. సన్యాసయ్య బావ ఇప్పుడు పనిలో లేడు. శనివారం సాయంత్రం మస్టర్లో పేరు కొట్టేశారు. కొట్టేయించింది నేను.

విందు రోజు ఖాయం చేసిన పూటే బావ నాకు చెప్పాడు. నా వెనక బొగ్గు బస్తా దించుతూ, "బావా, ఆ బుదారం పంచుకలో పడతాది కాదేటి? ఒడియావోలు సేప కూడా ముట్టరు. ఆ అయిదు రోజులూ కొంగ కూడా సేపని తినదని సెప్పుకుంటారు" అన్నాడు. మీ పెద్దమ్మ ఇంట పుట్టినా లక్ష్మీపూర్ బజారులో పెరిగిన మనిషి, ఆయనకి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? నేను ఏమన్నానో తెలుసా? "నువ్వు బొగ్గు సంగతి సూసుకో బావా, కేలండర్ నాకు ఒగ్గెయ్" అన్నాను. అప్పటికే నాయర్ గారి దగ్గర భేషుగ్గా ఉందని కోతలు కోసి వచ్చాను. మళ్ళీ వెళ్ళి తప్పు చెప్పానని ఒప్పుకోవడం నామోషీ అనిపించింది.

శనివారం నాయర్ గారు "నీ మాట నమ్మి తేదీ పెట్టాను, ఏమిటిది?" అని అరిచేసరికి నా నాలుక నా మాట వినలేదు. "నేను ఆంధ్రావాణ్ణి సార్, నాకేం తెలుసు. సన్యాసయ్య ఇక్కడివాడు, అతన్ని అడిగాను, ఏ అడ్డూ లేదన్నాడు" అన్నాను. బావ గుమ్మం బయటే ఉన్నాడు. అంతా విన్నాడు. నాయర్ గారు పిలిచి "నిజమేనా?" అని అడిగారు. బావ నా మొహం చూశాడు. నేను నేల చూశాను. "పొరపాటయిపోనాది బాబూ" అన్నాడు ఆయన. అంతే. చేతులు దులుపుకుని వెళ్ళిపోయాడు. నన్ను ఈ ప్రాజెక్టులో గిన్నెలు తోమే పనిలో చేర్పించింది ఆయనే అని నీకు నేను గుర్తు చెయ్యాలా?

ఆదివారం పొద్దున్నే ఆయన గుడిసెకి వెళ్ళాను. తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. మీ వదిన కృష్ణవేణమ్మ లోపలికెళ్ళి మళ్ళీ బయటికి రాలేదు. బావ మాత్రం పీట వేసి కూర్చోబెట్టాడు. "సిన్నపిల్ల రొమ్ములో నెమ్ముంది బావా, నీకు కోటరు రావాల. నానొక్కణ్ణి, ఎక్కడయినా బొగ్గు కాల్సుకుంటాను. రాజులమ్మికి మాత్రం రాయకు, అది ఏడుస్తాది" అన్నాడు. ఒక్కడెలా అవుతాడు, మీ వదిన లేదా, ఇద్దరు పిల్లలు లేరా! ఆ తరవాత కర్రపుల్లతో నేల మీద గీసి చూపించాడు. కొండ ఇటు, లోయ అటు, గాలి ఇలా దిగుతుంది, వాళ్ళ పొయ్యి పైన, మన పొయ్యి కింద. రెండు పొయ్యిల ఉపాయం నాది కాదు, రాజులూ. గాలివాటం నాది కాదు. ఆ ఛెనాపోడో ఎంతసేపు నిప్పుల్లో ఉండాలో చెప్పింది కూడా ఆయనే. నిన్న సాయంత్రం అందరూ నా భుజం తడుతుంటే ఒళ్ళు కంపరమెత్తింది.

ఇప్పుడు తొమ్మిది దాటింది. పదింటికి ఆఫీసుకి వెళ్ళాలి. సంతకం పెట్టడానికి కాదు. జరిగింది జరిగినట్టు నాయర్ గారికి చెప్తాను. ఆయన బావని మళ్ళీ పనిలోకి తీసుకుంటారని నమ్మకం ఉంది, మనిషి కోపిష్ఠే గానీ అన్యాయం చేసేవాడు కాదు. నా పోస్టు, ఆ క్వార్టరు మాత్రం పోయినట్టే అనుకో. మస్టర్లో నా పేరు కూడా కొట్టేస్తే కొట్టేస్తారు.

ఈ ఉత్తరం ముందు పోస్టు డబ్బాలో వేసి, అటునుంచి అటే ఆఫీసు మెట్లెక్కుతాను. నన్ను నేను ఎరుగుదును. ఆ కాగితం మీద బి లైను, ఏడో నంబరు అని కళ్ళారా చూస్తే నా నోరు మళ్ళీ పెగలదు, పెన్ను తీసి సంతకం పెట్టేస్తాను. నీకు తెలిసిపోయాక మాత్రం ఆ పని చెయ్యలేను. అందుకే బావ వద్దన్నా ముందు నీకే చెప్తున్నాను.

ఈ ఉత్తరం శనివారానికి నీ చేతికి అందుతుంది. ఆదివారం బస్సెక్కడమా మానడమా నీ ఇష్టం. రమ్మని అడిగే ముఖం నాకు లేదు, రావద్దని చెప్పే గుండె కూడా లేదు. వస్తే మాత్రం ఈ రేకుల గదికే వస్తున్నాననుకుని రా. గౌరికి మందపాటి దుప్పటి తీసుకురా.

ఇట్లు,
మీ అన్నకు బావని, గౌరికి తండ్రిని, నీ పెనిమిటిని,
ఢిల్లీశ్వరరావు