ఎవరూ ముందుకు రాలేదట

రాజమండ్రి, 1897 మార్చి, మంగళవారం

చదువురాని మంత్రసానులకు నోటితోనే పరీక్ష పెట్టి పట్టా ఇస్తామని పోయినేడు మా ఆసుపత్రి డాక్టరు దొరసానిగారు నాతో అన్నారు. అది నమ్మి, పట్టా వస్తుందని చెప్పి జాలర్ల వీధి మంత్రసాని నూకమ్మకు పాఠాలన్నీ చదివి వినిపించాను. అన్నీ కంఠతా పట్టింది.

ఈరోజు దొరసానిగారు ఏడాది రిపోర్టుకు నకలు రాయమన్నారు. అందులో, "పరీక్షకు ఎవరూ ముందుకు రాలేదు."

"నూకమ్మ సిద్ధంగా ఉందండీ," అన్నాను.

"చదువురానివాళ్లకు పట్టాలిస్తే మద్రాసులో నవ్వుతారు. రాయి."

రాశాను.

బయట మెట్ల మీద నూకమ్మ కూర్చుని ఉంది. "పరీక్షెప్పుడండీ అమ్మాయిగారూ? మా కోడలు నన్ను 'నర్సమ్మగారూ' అని పిలిచి ఒకటే ఎగతాళండి!"

కనుక్కుంటానన్నాను.

దొరసానిగారు నన్ను ఇంత మోసం చేస్తారనుకోలేదు. కానీ నూకమ్మతో ఆవిడెప్పుడూ మాట్లాడనైనా లేదు. ఆమెకు మాటిచ్చింది నేనే.