వంకర రాయి

చెల్లీ, ఇద్దరం కులాసాగానే దీవి చేరాం, కంగారుపడకు. కానీ పొద్దున జరిగినదానికి నా గుండె ఇంకా కుదుటపడలేదు. ఇక్కడ పెంగ్విన్లు గులకరాళ్లు పేర్చి గూడు కట్టుకుంటాయి. మీ బావ సంగతి తెలుసుగా, గోడలు కట్టే తాపీ పట్టిన చేయి, వంకర కనబడితే ఊరుకోదు. మమ్మల్ని తిప్పి చూపించే అమ్మాయి "దగ్గరికి పోకండి" అంటూనే ఉంది, ఈయన వంగి ఒక గూటి అంచున జారిన రాయిని సర్దబోయాడు. గుడ్డు మీదున్న పెంగ్విన్ బెదిరి లేచింది. లేచిందో లేదో, గద్దంత సముద్రపు పక్షి ఒకటి వచ్చి గుడ్డు తన్నుకుపోయింది. పెంగ్విన్ తిరిగొచ్చి ఖాళీ గూట్లోనే పొదగడానికి కూర్చుంది.

"రాయి సరిచేద్దామనుకున్నానే" అన్నాడు మీ బావ. ఇప్పుడు కంచం ముందు కూర్చుని తన చేతులే చూసుకుంటున్నాడు.

మా ఇంట్లో మొక్కలకు నీళ్లు పోస్తున్నావా? గ్యాస్ బండ వచ్చిందా? నువ్వూ పిల్లలూ చల్లగా ఉండాలి. కార్డులో చోటు అయిపోతోంది, ఒక్క మాట. స్నానాలగది కిటికీలో పావురం గూడు తీసేయమని ఈయన నీకు చెప్పి వచ్చాడు కదా, తీయకు. ఈపాటికే తీసేసి ఉంటే, ఆయన అడిగినప్పుడు పావురం పిల్లలు ఎగిరిపోయాయని చెప్పు.

మీ అక్క