హారన్ కొడితేనే కదిలే కారు

బావగారికి,

ఇక్కడ అందరం కులాసా. మీ నాన్నగారి పాత కారు కూడా దాదాపు కులాసానే. ముట్టుకోవద్దని మీరు మరీమరీ చెప్పి వెళ్లారు, నిజమే. కానీ ఎండెక్కితే చాలు, పెట్రోల్ అందక ఆగిపోతుంటే చూడలేక, పాత పంపు పీకేసి కరెంటు పంపు బిగించాను. ఇప్పుడు పెట్రోల్ ధారగా అందుతోంది. ఒక్కటే చిక్కు. పంపు వైరును పొరపాటున హారన్ వైరుకు కలిపాను. హారన్ కొట్టినప్పుడే పంపు తిరుగుతుంది. కొట్టడం మానితే అర కిలోమీటరుకే బండి మొరాయిస్తుంది.

నిన్న అక్కను పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. దారి పొడవునా మోగిస్తూనే ఉన్నాను.

"ఒరేయ్, నన్ను తీసుకెళ్తున్నావా, ఊరేగిస్తున్నావా?" అంది.

వెనక్కి చూస్తే, పెళ్లివాళ్లమనుకుని నాలుగు కార్లు మా వెంటే వస్తున్నాయి. డాక్టరుగారి వాకిట్లో వాళ్లంతా దిగి శుభాకాంక్షలు కూడా చెప్పారు. అక్క నొప్పితో దవడ పట్టుకుని తల దించుకుంటే, సిగ్గుపడుతోందనుకున్నారు.

విప్పి మళ్లీ కలుపుదామంటే, ఏ వైరు ఎక్కడిదో ఇప్పుడు నాకే అంతు చిక్కడం లేదు. కోప్పడకండి. ఆదివారం స్టేషన్‌కి నేనే వస్తాను. కారు ఎక్కడుందో మీరు వెతుక్కోనక్కర్లేదు. రైలు ఆగకముందే మీకు వినిపిస్తుంది.

మీ బావమరిది