వెంకటి విరేచనాలు

జమ్మికుంట

నర్సు నాజ్నీన్ బిడ్డకు,

హనుమండ్లు రాసేది. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు మీ దగ్గర ఇమ్యునోథెరపీ సూది ఏసుకునేటోన్ని, యాదికి ఉన్ననా? ఫోన్ల నాకు సరిగ ఇనవడది. స్పీకర్ పెడితే వాడకట్టంత ఇంటది. అందుకే కాయితం మీద రాసి ఫొటో పంపుతున్న.

మొన్న గడ్డ సగం కరిగిందన్నరు. నేను మంచిగున్న. పత్తి యార్డుల నాతోని కాంటా పెట్టే వెంకటి ఉన్నడు. ఆయనకు గిసొంటి సూదే, వేరే దవాఖానల. విరేచనాలు పట్టుకున్నయి. ఏం గోలి ఏసుకోవాలె, జర చెప్పు.

ఇట్లు
హనుమండ్లు

తా.క.: నాకేం లేదు. మళ్ల చెప్తున్న.

కరీంనగర్

హనుమండ్లు బాపుకు నమస్కారం.

వెంకటి గారిని సొంతంగా ఏ మాత్రా వేసుకోవద్దని చెప్పండి. ఈ మందు ఒంట్లోని రక్షణ కణాలను క్యాన్సర్ మీదికి ఉసిగొల్పుతుంది. ఒక్కోసారి అవి పేగుల మీద కూడా పడతాయి. పేగులు వాచి విరేచనాలవుతాయి. ఆయన వెంటనే తన డాక్టరుకు చెప్పాలి. రక్తం పడుతోందా? నొప్పి ఉందా?

మీ నాజ్నీన్

తా.క.: ఆయన ఫోన్ నంబరు ఇవ్వండి, నేనే మాట్లాడతాను.

జమ్మికుంట

బిడ్డా,

ఫోన్ల అక్షరాలు నా కండ్లకు ఆనయి. మా ఇంటిది బాలవ్వ నీ ఉత్తరం అరుగు మీద కూసుండి, నాకు ఇనవడేటట్టు గట్టిగ చదివింది. వెంకటి మీద దానికి పానం కొట్టుకుంది. సగ్గుబియ్యం జావ కాసి ఆళ్లింటికి పంపింది.

వెంకటికి ఫోన్ లేదు. రక్తం పడుతున్నది. కడుపుల మెలిపెడుతున్నది. అయినా డాక్టరుకు చెప్పడు. చెప్తే సూది ఆపుతరు, ఆపితే గడ్డ మళ్ల లేస్తదని భయం. భయం వెంకటిదే.

హనుమండ్లు

తా.క.: ఇంట్ల దొడ్డికి పోతే బాలవ్వకు తెలుస్తదని వెంకటి యార్డుకే పోతుండు.

కరీంనగర్

బాపూ,

ఇది ఆగే విషయం కాదు. ఆలస్యమైతే పేగుకు చిల్లు పడవచ్చు. స్టెరాయిడ్ ఇస్తే చాలామందికి వాపు తగ్గుతుంది. సూది ఆపినంత మాత్రాన గడ్డ పెరగాలని లేదు, ఆ మందు పని ఇంకా కొంతకాలం సాగుతుంది. వెంకటి గారిని తీసుకొని మీరూ ఇవాళే రండి.

నాజ్నీన్

తా.క.: వెంకటి గారు దొడ్డికి పోతే బాలవ్వ గారికెందుకు తెలుస్తుందో మొదట అర్థం కాలేదు. ఇప్పుడు అర్థమైంది. అంబులెన్సు పంపనా?

కరీంనగర్, దవాఖాన

నర్సమ్మకు దండాలు.

నువ్వు సెలవు మీద పోయినవట, అందుకే రాసిపెట్టిపోతున్న. నేను వెంకటిని. నాకు క్యాన్సర్ లేదు, సూది లేదు, విరేచనాలు లేవు. బాలవ్వొదినె జావ పంపితే ఎందుకో తెల్వక తాగిన. తెల్లారి వాడకట్టంత నా కడుపు ఎట్లున్నదని అడుగుడే.

సంగతేందో తెలుసుకుందామని యార్డుకు పోతే హనుమండ్లన్న కాంటా పక్కపొంటి కూలబడి ఉన్నడు. నోరు ఎండిపోయింది. "గిదేందే అన్నా" అంటే "విరేచనాలు నీకురా, పోయి పండుకో" అన్నడు. నీ రెండో ఉత్తరం బాలవ్వొదినెకు చూపియ్యకుంట దాసిండట. ఆటోల ఏసుకొని తెచ్చిన.

స్టెరాయిడ్ ఎక్కించిండ్రు. రక్తం ఆగింది. సూది ఇప్పటికైతే ఆపిండ్రు. గడ్డ ఇంకా చిన్నగైందని డాక్టర్ సారు చెప్పినంక, అన్న గోడ దిక్కు తిరిగి జరసేపు ఏడ్చిండు. అటెనుక నిద్రపోయిండు.

ఇట్లు
వెంకటి, ఏ రోగం లేనోడు

తా.క.: నిన్న ఊరికి పోతే పెండ్లి బంతిల అందరికి మాంసం ఏసి నాకు పెరుగన్నం పెట్టిండ్రు. నా కడుపు మంచిగనే ఉన్నదని జర రాసి, దవాఖాన ముద్ర ఏసియ్యి.